అనంతపురం బావినీరు - ఆమ్లపు లెక్క

ఆంధ్రదేశమున వానకు మొగము వాచిన సీమలలో అనంతపురం పీఠభూమి మొదటిది. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలకు తమ తేమను ధారపోసి ఇటు చేరునప్పటికి తేలికపడిపోవును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమును దాటి ఇంతదూరము వచ్చునప్పటికి బలహీనపడును. ఇచ్చటి సగటు వర్షపాతము ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతముననే ఉండును. పెన్న, చిత్రావతి, వేదవతి నదుల ఇసుక చాలాకాలము ఎండియే కనిపించును. విజయనగర రాజుల కాలమున కట్టిన బుక్కరాయసముద్రము వంటి చెరువులు ఈ కరవును కొంత కాచినవి. చెరువు ఎండినపుడు జనులకు మిగిలినది బావి. బావి ఎండినపుడు బోరు.

వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన చోట భూగర్భజలము రాతిపొరలలో చాలాకాలము నిలిచియుండును. అనంతపురం నేల అడుగున ఉన్నది ముఖ్యముగా నల్లసేనపు రాయి, దానికి జ్ఞాతియైన నైస్ శిల. ఆ రాతిలోని ఖనిజములు కొద్దికొద్దిగా కరగి నీటిలో చేరును. అట్టి నీరు త్రాగదగినదా, కాదా? త్రాగదగనిచో దానిని బాగుచేయుట ఎట్లు? ఈ ప్రశ్నలకు ప్రయోగశాలలో జవాబు చెప్పు సాధనములలో ఒకటి చాల సామాన్యమైనది: బాగుగా పలుచన చేసిన గంధకామ్లము. ఆ ఆమ్లము ఎంత పలుచగా ఉన్నదో సరిగా తెలిసినగాని నీటిని గూర్చి అది చెప్పు మాట నమ్మదగినది కాదు. ఆమ్లమును పలుచన చేయు లెక్కకు రెండున్నర శతాబ్దముల చరిత్ర కలదు. ఆ చరిత్ర నీటితో మొదలు కాలేదు, బట్టలతో మొదలైనది.

చౌడునేల నేర్పు పాఠము

రాయలసీమ పల్లెలలో చౌడునేలను ఎరుగనివారు లేరు. వేసవిలో నేలమీద తెల్లని పొరవలె పేరుకొను ఆ మన్నును పూర్వము రజకులు ఎత్తి తెచ్చి బట్టలు ఉడుకబెట్టుటకు వాడెడివారు. ఆ మన్నులోని ముఖ్యపదార్థము సోడియం కార్బొనేట్, దానితోపాటు సోడియం బైకార్బొనేట్. రెండును క్షారములే. చౌడుమన్ను కలిపిన నీటిలో నిమ్మరసము పిండినచో బుస్సుమని నురుగు పొంగును. నిమ్మరసములోని ఆమ్లము కార్బొనేటును విడగొట్టగా బొగ్గుపులుసు వాయువు వెలువడుటయే ఆ పొంగు. పొంగు ఆగువరకు ఎంత రసము పట్టినదో చూచినచో మన్నులో ఎంత క్షారమున్నదో అంచనా కట్టవచ్చును. ఆమ్లముతో క్షారమును కొలుచు విద్యకు మూలసూత్రము ఇదియే.

చౌడుకును, ఇచ్చటి బావినీటికిని దగ్గర చుట్టరికము కలదు. భూగర్భజలములో సోడియం బైకార్బొనేట్ పెరిగినకొలది నీటిలోని కాల్షియము సున్నపు గులకలుగా నేలలో దిగిపోవును. కాల్షియము సమృద్ధిగా ఉన్నచో ఫ్లోరైడును కాల్షియం ఫ్లోరైడుగా పట్టి నిలుపగలదు. కాల్షియము తరగిన నీటిలో ఫ్లోరైడు కరగియే ఉండును. అందుచేత క్షారత్వము హెచ్చుగాను, కాల్షియము తక్కువగాను ఉన్న బావిని ఫ్లోరైడు విషయమున అనుమానింపవలెను. పంటి గారకు, ఎముకల బిగువుకు కారణమగు ఫ్లోరోసిస్ వ్యాధికిని, చౌడుమన్నుకును ఇట్లు రాతి అడుగున సంబంధము ఏర్పడినది.

బట్టలు తెలుపుచేయువారి ఆమ్లము

పదునెనిమిదవ శతాబ్దమున స్కాట్లండులో నారబట్టల పరిశ్రమ పెద్దది. నేసిన బట్టను క్షారజలములో ఉడుకబెట్టి, ఎండలో పరచి, పిమ్మట పులిసిన మజ్జిగలో నానవేసి తెలుపుచేసెడివారు. దీనికి నెలలు పట్టెడిది. 1746లో జాన్ రోబక్ బర్మింగుహామున సీసపు గదులలో గంధకామ్లమును చవుకగా తయారుచేయు పద్ధతిని నెలకొల్పెను. అంతవరకు గాజుపాత్రలలో కొద్దికొద్దిగా లభించుచుండిన ద్రావకము ఇక పీపాలతో దొరకసాగెను. మజ్జిగకు బదులు గంధకామ్లమును నీటిలో బాగుగా పలుచన చేసి వాడవచ్చునని ఎడింబరో వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్ సూచించెను. 1756లో ఆయన ప్రకటించిన గ్రంథము ఈ విషయమును గూర్చినదే.

ఇచ్చటనే పలుచన చేయు లెక్క ప్రాణప్రదమైనది. ఆమ్లము బలము ఎక్కువైనచో నార కాలి బట్ట చివికిపోవును. తక్కువైనచో మురికి వదలదు. క్షారపు బూడిద విషయమున మరొక చిక్కు ఉండెను. వర్తకుడు అమ్మిన బూడిదలో నిజమైన క్షారమెంత? హోమ్ దీనికొక పరీక్ష చెప్పెను. కొంత బూడిదను తూచి, నీటిలో కలిపి, పలుచని నత్రికామ్లమును చెంచాలతో పోయుచు, పొంగు ఆగువరకు ఎన్ని చెంచాలు పట్టినవో లెక్కించుట. కొలత ముతకదే, కాని భావము క్రొత్తది. బూడిద నాణ్యమును రుచితో, రంగుతో గాక ఒక సంఖ్యతో చెప్పుటకు అది దారి తీసెను. 1767లో విలియం లూయిస్ ఇంకొక అడుగు ముందుకు వేసెను. పొంగు ఎప్పుడు ఆగునో కంటితో నిర్ణయించుట కష్టము. అందుచేత ఆయన లిట్మసు రంగు మారుటను గురుతుగా గ్రహించి, వాడిన ఆమ్లమును తూచి లెక్క కట్టెను.

ఫ్రాన్సున రువా పట్టణవాసియైన దెక్రువజీల్ గీతలు గీసిన గాజుగొట్టమును ఈ పనికి వాడెను. 1806లో ఆయన తన క్షారమాపకమును వర్ణించెను. చెంచాల లెక్క పోయి గీతల లెక్క వచ్చెను. తరువాత గే-లూసాక్ ఈ విద్యను నిశితముగా తీర్చిదిద్దెను. నేడు ప్రతి ఉన్నత పాఠశాలలో వినబడు ‘బ్యూరెట్’, ‘పిపెట్’ అను పేర్లను 1824లో ఆయనయే వ్యాప్తిలోనికి తెచ్చెను.

నార్మల్ ద్రావణము పుట్టుక

గీతలు ఉన్నంతమాత్రమున చిక్కు తీరలేదు. ఒక కర్మాగారమువారి ఆమ్లపు బలము ఒకటి, మరొకరిది వేరొకటి. రువాలో 30 గీతలు పట్టిన బూడిదకు మాంచెస్టరులో ఎన్ని పట్టునో ఎవరు చెప్పగలరు? ఈ అవ్యవస్థను తొలగించుటకు సరియైన మార్గము అణుభారములు, తుల్యభారములు స్థిరపడిన తరువాతనే దొరకినది. 1855లో జర్మను రసాయనజ్ఞుడు కార్ల్ ఫ్రీడ్రిచ్ మోర్ తన అంశమాపన గ్రంథమును ప్రకటించెను. ఒక పదార్థపు తుల్యభారమును గ్రాములలో తీసికొని ఒక లీటరు ద్రావణముగా చేసినచో అది నార్మల్ ద్రావణము. గంధకామ్లపు తుల్యభారము 49. కావున లీటరుకు 49 గ్రాములు కలది నార్మల్ గంధకామ్లము. సోడియం కార్బొనేటు తుల్యభారము 53. లీటరుకు 53 గ్రాములు కలది నార్మల్ సోడా. ఏ నార్మల్ ఆమ్లమైనను, ఏ నార్మల్ క్షారమైనను సమపాళ్లలో ఒకదానినొకటి తటస్థపరచును.

ఈ నిర్వచనముతో పలుచన చేయు లెక్క బాలురు సైతము చేయదగినదైనది. నీరు కలిపినపుడు ద్రావణపు ఘనపరిమాణము పెరుగును, బలము తగ్గును. కాని అందలి ఆమ్లపు మొత్తము మారదు. కావున,

మొదటి బలము × మొదటి ఘనపరిమాణము = తరువాతి బలము × తరువాతి ఘనపరిమాణము.

1877లో ఫినాల్ఫ్తలీనును లుక్, 1878లో మిథైల్ ఆరెంజిని లుంగే సూచికలుగా ప్రవేశపెట్టిరి. బైకార్బొనేటు హెచ్చుగా ఉన్న నీటిని కొలుచుటకు మిథైల్ ఆరెంజి చాల అనుకూలమైనది. క్షారము ఉన్నంతవరకు పసుపుగా ఉండి, బైకార్బొనేటు పూర్తిగా తీరినపుడు నారింజకు, పిమ్మట ఎరుపునకు తిరుగును. నేటి పాఠ్యగ్రంథములలో నార్మాలిటీకి బదులు మోలారిటీయే ఎక్కువగా కనిపించును. అయినను నీటి పరీక్షలలో పాత లెక్క సులభము గనుక దానిని పలువురు విడువలేదు.

సీసా నుండి బ్యూరెట్ వరకు

బావినీటి క్షారత్వమును కొలుచుటకు వాడు ఆమ్లము నార్మల్ బలములో 50వ వంతు కలది, అనగా 0.02 నార్మల్. ఈ సంఖ్యను ఊరక ఎన్నుకొనలేదు. క్షారత్వమును కాల్షియం కార్బొనేటు లెక్కలో చెప్పుట వాడుక. దాని తుల్యభారము 50. 50వ వంతు నార్మల్ ఆమ్లము 1 మిల్లీలీటరు సరిగా 1 మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేటుకు సమానమగును. 100 మి.లీ. నీటికి ఎన్ని మి.లీ. ఆమ్లము పట్టునో, దానిని 10తో హెచ్చించినచో లీటరుకు మిల్లీగ్రాములు వచ్చును. గుణకారము తప్ప వేరు లెక్క అక్కరలేదు.

అంగడిలో లభించు గాఢ గంధకామ్లపు విశిష్ట గురుత్వము 1.84. నూటికి 98 పాళ్లు ఆమ్లము. ఒక లీటరు బరువు 1840 గ్రాములు. అందు ఆమ్లము సుమారు 1803 గ్రాములు. దీనిని 49తో భాగించినచో 36.8 వచ్చును. అనగా ఆ సీసాలోనిది 36.8 నార్మల్ ఆమ్లము. దానినుండి సూటిగా 0.02 నార్మల్ ద్రావణము ఒక లీటరు చేయవలెనన్నచో అర మిల్లీలీటరు చాలును. ఇంత చిన్న కొలతలో ఒక చుక్క ఎక్కువైనను పెద్ద దోషమగును. అందుచేత రెండు మెట్లలో దిగుట మేలు.

మొదటి మెట్టు: 0.1 నార్మల్ ద్రావణము. సూత్రము ప్రకారము 2.7 మి.లీ. గాఢ ఆమ్లము చాలును. రమారమి 3 మి.లీ. తీసి, స్వేదన జలములో కలిపి, చల్లారిన పిమ్మట ఒక లీటరు చేయుదురు. గాఢామ్లము గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది గనుక సీసామీది అంకెను పూర్తిగా నమ్మరాదు. తయారైన ద్రావణపు నిజమైన బలమును సోడాతో తేల్చవలెను. బాగుగా ఎండబెట్టిన అనార్ద్ర సోడియం కార్బొనేటు 2.65 గ్రాములు ఒక లీటరులో కరగించినచో 0.05 నార్మల్ సోడా ద్రావణమగును. దానిని 20 మి.లీ. తీసికొని ఆమ్లముతో అంశమాపనము చేయగా 9.26 మి.లీ. ఆమ్లము పట్టినదనుకొనుడు. అప్పుడు ఆమ్లపు బలము 20 × 0.05 ÷ 9.26, అనగా 0.108 నార్మల్.

రెండవ మెట్టు: ఈ 0.108 నార్మల్ ఆమ్లమునుండి 0.02 నార్మల్ ద్రావణము ఒక లీటరు కావలెను. 1000 × 0.02 ÷ 0.108 = 185.2 మి.లీ. ఇంత ఆమ్లమును బ్యూరెట్‌తో కొలిచి, స్వేదన జలముతో లీటరు గీతవరకు నింపవలెను. ఆమ్లము సరిగా 0.1 నార్మల్ అయియున్నచో 200 మి.లీ. కావలసియుండెడిది. బలమును తేల్చక 200 మి.లీ. వాడినవాని ద్రావణము 0.0216 నార్మల్ అగును. అతని ప్రతి పరీక్షలోను నూటికి 7 పాళ్లకు పైగా తక్కువ కనిపించును.

ఇచ్చట రెండు జాగ్రత్తలు ముఖ్యము. గంధకామ్లము నీటిలో కలియునపుడు విపరీతమైన వేడి పుట్టును. ఆమ్లము నీటికంటె బరువు. ఆమ్లములో నీరు పోసినచో నీరు పైననే నిలిచి, ఆ వేడికి క్షణములో మరగి, ఆమ్లమును మొగముమీదికి చిమ్మును. నీటిలో ఆమ్లమును సన్నని ధారగా, కలియబెట్టుచు పోసినచో వేడి నీటియంతటను పంచుకొనబడును. కావున ఎల్లప్పుడు నీటిలోనికే ఆమ్లము. ఆమ్లములోనికి నీరు ఎన్నడును కూడదు. రెండవది వేసవి. నీరు 20 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు వేడెక్కినపుడు సుమారు వెయ్యింట 6 పాళ్లు వ్యాకోచించును. మిట్టమధ్యాహ్నము వేడి ద్రావణమును గీతవరకు నింపి, తెల్లవారి చూచినచో మట్టము గీతకు క్రిందుగా కనిపించును. కుప్పెమీద వ్రాసియున్న ఉష్ణోగ్రతకు దగ్గరగా చల్లార్చిన తరువాతనే గీతకు నింపుట పద్ధతి.

ఫ్లోరైడు జాడ తీసిన ఆమ్లము

అమెరికాలో కొలరాడో సీమ ప్రజల పండ్లపై గారమచ్చలను ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు 1901 నుండి గమనించుచుండెను. కారణము నీటిలోని ఫ్లోరైడు అని 1931లో హెచ్. వి. చర్చిల్ వర్ణపట పరీక్షతో తేల్చెను. దక్షిణ భారతమున ఈ వ్యాధిని గూర్చిన తొలి శాస్త్రీయ నివేదికలు 1937లో వెలువడినవి. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటు అధిపతియైన హెచ్. ఇ. షార్ట్, సి. జి. పండిత్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి కలిసి నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఎముకలు బిగిసి వంగిపోయిన రోగులను పరీక్షించి, వారు త్రాగు నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా ఉన్నదని నిరూపించిరి. తరువాతి దశాబ్దములలో నల్గొండ, అనంతపురం మొదలగు జిల్లాలలోను ఇట్టి నీరు బయటపడినది.

ఆ కాలమున ఫ్లోరైడును కొలుచుటకు రంగు పరీక్షయే ఆధారము. 1934లో శాంచిస్ ప్రకటించి, 1941లో స్కాట్ సవరించిన పద్ధతిలో జిర్కోనియం, ఆలిజరిన్ రంగు కలిసిన ఆమ్ల ద్రావణమును నీటికి చేర్చుదురు. ఫ్లోరైడు జిర్కోనియమును లాగికొనగా ఎరుపు రంగు పసుపువైపు తిరుగును. ఒక గంట పిమ్మట ఆ రంగును, తెలిసిన ఫ్లోరైడు గల ద్రావణముల రంగుతో పోల్చి చూతురు.

ఈ పోలికకు అన్ని గొట్టములలోను ఆమ్లపు బలము సమానముగా ఉండవలెను. ఆ కారకము ఒక లీటరులో గాఢ ఉదజహరికామ్లము 101 మి.లీ., గాఢ గంధకామ్లము 33.3 మి.లీ. ఉండును. మొదటిది 12 నార్మల్, రెండవది 36 నార్మల్ అనుకొన్నచో రెండును చెరి 1.2 తుల్యభారములు, మొత్తము 2.4 నార్మల్. దీనిని 5 మి.లీ. తీసి 100 మి.లీ. నీటిలో పోసినచో బలము 2.4 × 5 ÷ 105, అనగా 0.114 నార్మల్ అగును. ఇప్పుడు ఆ నీరు లీటరుకు 600 మిల్లీగ్రాముల క్షారత్వము గల బావినీరు అనుకొనుడు. అంత క్షారత్వము 0.012 నార్మల్‌తో సమానము. కలిపిన ఆమ్లములో సుమారు పదవ వంతును నీరే తినివేయును. స్వేదన జలముతో చేసిన పోలిక గొట్టములలో ఈ నష్టము లేదు. అందుచేత రంగులు సరిపోలవు, కొలత తప్పును. అట్టి నీటి క్షారత్వమును ముందుగా ఆమ్లముతో తటస్థపరచి, తరువాత కారకమును చేర్చవలెను. అనంతపురం నీటివంటి నీటికి క్షారత్వపు లెక్క రానివానికి ఫ్లోరైడు లెక్కయు రాదు.

పటిక పాలు

వ్యాధికి కారణము తెలిసినంతనే నివారణ దొరకలేదు. నాగపూరులో 1958లో వెలసిన ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధన సంస్థకు 1974లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ అని పేరు మారినది. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 1970 దశకమున రూపొందించిన పద్ధతికి నల్గొండ పేరు పెట్టిరి. నీటిలో కొంత సున్నము, తగినంత పటిక కలిపి, బాగుగా త్రిప్పి, తేరనిచ్చినచో ఫ్లోరైడులో చాల భాగము అడుగుమడ్డితో దిగిపోవును. పల్లెలో పటిక అందరికి తెలిసినదే. బురదనీటిని తేర్చుటకు అనాదిగా వాడుచున్నదే. ఈ పద్ధతి ప్రసిద్ధికి ఆ సౌలభ్యమే కారణము.

అయితే పటిక ఎంత వేయవలెను? ఫ్లోరైడు ఎంత ఉన్నదను దానిమీద మాత్రమే ఇది ఆధారపడదు. పటిక నీటిలో ఆమ్లగుణము చూపును. ఒక మిల్లీగ్రాము పటిక దాదాపు అర మిల్లీగ్రాము క్షారత్వమును హరించును. క్షారత్వము హెచ్చయిన నీటిలో తగిన స్థితి కలిగి మడ్డి ఫ్లోరైడును పట్టవలెనన్నచో పటిక ఎక్కువ కావలెను. అందుచేత ఆ పద్ధతి పట్టికలో ఒకవైపు ఫ్లోరైడు, మరొకవైపు క్షారత్వము కనిపించును. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల నీటికి క్షారత్వము 200 అయినచో పటిక సుమారు 220 మిల్లీగ్రాములు. క్షారత్వము 600 అయినచో సుమారు 400. 1000 అయినచో సుమారు 520. సున్నము పటికలో రమారమి 20వ వంతు.

కావున బ్యూరెట్‌లోని పలుచని ఆమ్లము చెప్పు అంకె నేరుగా జనుల కుండలోనికి వచ్చును.

స్వేదన జలము దొరకని వేళ

కరవుసీమ ప్రయోగశాలలో స్వేదన జలము పొదుపుగా వాడవలసిన వస్తువు. దానిని తయారుచేయుటకు చల్లార్చు నీరు ధారగా కావలెను. ఆ నీరే లేనపుడు కుళాయి నీటితో ఆమ్లమును పలుచన చేసిన ఏమి? ఈ ప్రశ్నకు లెక్కయే జవాబు చెప్పును.

0.1 నార్మల్ ఆమ్లము 200 మి.లీ. తీసికొని, లీటరుకు 500 మిల్లీగ్రాముల క్షారత్వము గల బావినీరు 800 మి.లీ. కలిపినారనుకొనుడు. ఆమ్లములో 20 మిల్లీ తుల్యభారములు కలవు. బావినీటిలో లీటరుకు 10 చొప్పున 800 మి.లీ.లో 8 మిల్లీ తుల్యభారముల క్షారము కలదు. అది తనకు సమానమైన ఆమ్లమును చంపును. మిగిలినది 12. ద్రావణపు బలము 0.02 నార్మల్ కాదు, 0.012 మాత్రమే. చూపునకు రెండును నీరువలెనే స్వచ్ఛముగా ఉండును. సీసామీది చీటీ భేదమును చెప్పదు.

ఇట్టి ఆమ్లముతో, నిజముగా 600 క్షారత్వము గల నీటిని పరీక్షించినచో ఏమగును? 50 మి.లీ. నీటికి సరియైన ఆమ్లము 30 మి.లీ. పట్టి, 20తో హెచ్చించగా 600 వచ్చెడిది. నిస్సారమైన ఈ ఆమ్లము 50 మి.లీ. పట్టును, లెక్క 1000 అని చూపును. పట్టిక ప్రకారము పటిక 400కు బదులు 520 పడును. వెయ్యి లీటర్ల తొట్టికి 120 గ్రాములు అదనము. ఆ నీటికి పులుపు తగులును, సల్ఫేటు పెరుగును, అల్యూమినియము మిగిలిపోవచ్చును. దీనికి విరుద్ధముగా ఆమ్లము 0.025 నార్మల్ అయియుండి 0.02 అనుకొన్నచో, అదే నీటికి 24 మి.లీ. మాత్రమే పట్టి క్షారత్వము 480గా కనిపించును. పటిక సుమారు 350 మిల్లీగ్రాములకు లోపే పడును. ఫ్లోరైడు నీటిలోనే నిలిచిపోవును. త్రాగు నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు దారి లేనపుడు 1.5 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము చెప్పుచున్నది. ఆ అర మిల్లీగ్రాము సందులో ఇట్టి పొరపాట్లకు చోటు లేదు.

అందుచేత ప్రమాణ ద్రావణమునకు స్వేదన జలమే వాడవలెను. అది లేనినాడు శుభ్రముగా పట్టిన వాననీరు బావినీటికంటె మేలు. దానిని కూడ రెండుచుక్కల సూచికతో, బ్యూరెట్‌లో కొద్ది ఆమ్లముతో ముందుగా పరీక్షించుకొనుట వివేకము. పలుచన చేసిన తరువాత ద్రావణమును మరల సోడాతో సరిచూచినచో సందేహమే మిగలదు.

పలుచన వలన గుణమును మారును

పలుచన చేయుట అనగా బలము తగ్గించుట మాత్రమే అనుకొనరాదు. కొన్ని ఎడల రసాయనచర్య దిక్కే మారిపోవును. ఈ విషయమున తెలుగుదేశపు పరిశోధన ఒకటి లోకప్రసిద్ధమైనది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య జి. గోపాలరావు గాఢమైన ఫాస్ఫారికామ్లములో ఫెర్రస్ ఇనుముతో అంశమాపనములు చేయు పద్ధతులను అభివృద్ధిచేసెను. సామాన్యముగా ఫెర్రస్ లవణము యురేనియమును క్షయకరణము చేయజాలదు. గాఢ ఫాస్ఫారికామ్లము ఫెర్రిక్ ఇనుమును గట్టిగా బంధించుటచేత అచ్చట అది సాధ్యమగును. 1962లో ఆయన, ఎస్. ఆర్. శాగి ఈ విధమున యురేనియమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1964లో డేవీస్, గ్రే ప్రకటించిన పద్ధతిలోను గాఢ ఫాస్ఫారికామ్లములో ఫెర్రస్ ఇనుముతో క్షయకరణమే తొలి మెట్టు. అందు ఆ చర్య ముగిసిన తరువాత ద్రావణమును నీటితో పలుచన చేయుదురు. పలుచన కాగానే ఇనుమునకు, యురేనియమునకు గల బలాబలములు తారుమారగును. అప్పుడు డైక్రోమేటుతో అంశమాపనము చక్కగా సాగును.

అనంతపురమునకు తూర్పున కడప జిల్లా తుమ్మలపల్లె గనియు ఆమ్లపు లెక్కకు మంచి ఉదాహరణము. యురేనియం ధాతువును ఆమ్లముతో కరగించుట పలుచోట్ల వాడుక. తుమ్మలపల్లె ధాతువు డోలమైటు జాతి కార్బొనేటు శిలలో ఉన్నది. ఆ రాయి ఆమ్లమును మితిలేకుండ త్రాగివేయును. అందుచేత 2012లో పని ప్రారంభించిన అచ్చటి కర్మాగారమునకు ఆమ్లమును విడిచి క్షారమార్గమును ఎన్నుకొనిరి. కుప్పెలో బావినీరు చేయు పనినే అచ్చట కొండ చేయుచున్నది.

పాత లెక్క, క్రొత్త పనిముట్లు

1966లో ఫ్రాంట్, రాస్ ఫ్లోరైడును సూటిగా కొలుచు విద్యుద్ధ్రువమును కనిపెట్టిరి. రంగులతో పోల్చు శ్రమ దానితో చాలవరకు తగ్గినది. 1995 నవంబరులో నాటి ప్రధానమంత్రి పి. వి. నరసింహారావు ప్రారంభించిన సత్యసాయి నీటి పథకము అనంతపురం జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామములకు గొట్టములద్వారా నీరు అందించుటకు ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడివడి పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా వేరైనది. పనిముట్లు మారినవి, పథకములు వచ్చినవి, సరిహద్దులు జరిగినవి. బోరునీరు త్రాగవలసిన ఇండ్లు ఉన్నంతకాలము పరీక్షయు ఉండవలసినదే.

క్రొత్త విద్యుద్ధ్రువమును సైతము సరిచూచుటకు తెలిసిన ద్రావణములు కావలెను. 2.21 గ్రాముల సోడియం ఫ్లోరైడును ఒక లీటరులో కరగించినచో లీటరుకు 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల ద్రావణమగును. దానిని 100 మి.లీ. తీసి లీటరు చేసినచో 100. మరల అట్లే చేసినచో 10. ఇంకొకమారు చేసినచో 1. మూడు మెట్లు దిగునప్పటికి త్రాగు నీటి హద్దు చేరును. ఏ మెట్టున తప్పు జరిగినను అది క్రిందిమెట్లన్నిటికి పాకును.

అనంతపురమున 1916లో దత్తమండలముల కళాశాల వెలసినప్పటి నుండియు ఈ సీమలో విజ్ఞానవిద్య క్రమముగా వ్యాపించినది. నేడు పల్లె ఉన్నత పాఠశాలలోను బ్యూరెట్, కుప్పె, మిథైల్ ఆరెంజి దొరకుచున్నవి. ఉపాధ్యాయుడు తరగతి పిల్లలచేత తమతమ ఇండ్ల బావినీరు, బోరునీరు, చెరువునీరు, కుళాయినీరు తెప్పించి, 0.02 నార్మల్ ఆమ్లముతో క్షారత్వమును కొలిపించి, ఊరి పటముమీద ఆ అంకెలను గుర్తింపజేయవచ్చును. ఎక్కువ అంకె వచ్చిన బావుల నీటిని ఫ్లోరైడు పరీక్షకు జిల్లా ప్రయోగశాలకు పంపవచ్చును. తక్కువ అంకె వచ్చినంతమాత్రమున ఫ్లోరైడు లేదని చెప్పరాదు గాని, ముందుగా ఏ బావిని పరీక్షింపవలెనో ఆ పటము తెలుపగలదు. గుణకారము, భాగహారము వచ్చిన పిల్లవానికి ఇది అందని విద్య కాదు. ఆమ్లపు సీసామీద బలము, తయారుచేసిన తేదీ, సరిచూచినవాని పేరు వ్రాయు అలవాటు ఒకటి తోడైనచో ఆ పటము మీది అంకెలను ఊరివారు నమ్మవచ్చును.